తేమ 69 దగ్గరే ఉంది, మరి పురుగెలా వచ్చింది?

ఫోన్ చేసినాయన మొదట చెప్పింది సిగార్ల అల్మారాలో తేమ గురించే. "69 శాతం దగ్గరే ఉందండీ, పెద్దగా అటూ ఇటూ కదల్లేదు. అయినా సిగార్లకి బొక్కలు పడ్డాయి." పురుగు మీద కంటే మీటరు మీదే ఆయనకి కోపం ఎక్కువగా ఉన్నట్టు అనిపించింది.

నిల్వ సరుకుకి పురుగు పట్టిన చోటికి వెళ్ళి చూడడం నా పని. ఎక్కువగా గోదాములు, అప్పుడప్పుడు పాత పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు. సిగార్ల అల్మారాలు ఏడాదికి నాలుగైదు వస్తాయి. వచ్చిన ప్రతిసారీ కథ దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి ఈ ఒక్క కేసునీ మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో నేను చేసిన తప్పుతో సహా, రాసి పెడుతున్నాను.

మనిషి ఎత్తు చెక్క అల్మారా. గాజు తలుపు, ఐదు అరలు, లోపల వరుసగా ఎల్ఈడీ దీపాలు. మొత్తం 14 పెట్టెలు. వాటిలో 11 తెరిచినవి, కలిపి 206 సిగార్లు. మిగతా 3 పెట్టెలకి కొన్ననాటి సీలు అలాగే ఉంది. సిగార్లు ఎండిపోకుండా తేమ కోసం 69 శాతం ప్యాకెట్లు పెట్టారు. గాలి పొడిబారితే తేమ వదిలి, ఎక్కువైతే పీల్చుకునే రకం. గది ఎప్పుడూ ఏసీలోనే ఉంటుందన్నారు.

ఆ "ఎప్పుడూ" దగ్గర ఆగి అడిగాను. అప్పుడు బయటపడింది. మంచి ఎండాకాలంలో ఆయన 46 రోజులు ఊళ్ళో లేరు. గదికి తాళం వేశాం, అల్మారా మూసే ఉంది, ఇంక ఏసీ ఎందుకని కట్టేసి వెళ్ళారు. తిరిగొచ్చి తలుపు తీస్తే గది పొయ్యిలా ఉంది. కంగారుపడి ఏసీ 18లో పెట్టారు. కాసేపటికి అల్మారా గాజుకి లోపలివైపు చెమట పట్టి, ధారగా కిందికి కారింది. గుడ్డతో తుడిచారు. మీటరు కాస్త పైకి ఎక్కి, మర్నాటికి మళ్ళీ 69కి వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నారు. రెండు వారాల తర్వాత ఒక సిగార్ వెలిగించబోతే ర్యాపర్ (పైన చుట్టిన ఆకు) మీద గుండుసూదితో పొడిచినట్టు బొక్క కనిపించింది.

నేను ముందు చూసింది సిగార్లని కాదు, ఆ మీటరునే. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. తేమ పెద్ద అంకెల్లో, దాని కింద వేడి చిన్న అంకెల్లో కనిపిస్తాయి. వెనకవైపు ఒక బటన్ ఉంది. నొక్కితే అంతవరకు నమోదైన గరిష్ఠం, కనిష్ఠం చూపిస్తుంది. దాని మీద అంటించి వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఇంకా ఊడలేదు. గోరుతో లాగి నొక్కాను. తేమ గరిష్ఠం 74. వేడి గరిష్ఠం 33.6 డిగ్రీలు.

"ఈ బటన్ ఉందనే నాకు తెలీదండీ" అన్నారాయన.

తేమ అంకె ఎందుకు కదల్లేదో ఇక్కడే చెప్పాలి, ఈ కేసంతా దాని మీదే నడిచింది కాబట్టి. మీటరు చూపించే శాతం గాలిలో నీరెంతుందో చెప్పదు. ఆ వేడి దగ్గర గాలి మోయగలిగే నీటిలో ఎంత వంతు ఉందో చెబుతుంది. 20 డిగ్రీల దగ్గర 69 శాతం అంటే ఘనపు మీటరు గాలిలో దాదాపు 12 గ్రాముల నీరు. 33 డిగ్రీల దగ్గర అదే 69 శాతం అంటే దాదాపు 24.5 గ్రాములు, అంటే రెట్టింపు. గది వేడెక్కే కొద్దీ ప్యాకెట్లు, చెక్క, పొగాకు అన్నీ కలిసి ఆ అదనపు నీటిని గాలిలోకి వదిలాయి. ప్యాకెట్ తన పని తాను చక్కగా చేసింది. మీటరు కూడా అబద్ధం చెప్పలేదు. వేడి ఎంతుందని దాన్ని అడిగినవాళ్ళే లేరు.

గాజుకి చెమట పట్టిన సంగతి కూడా ఇందులోదే. 33 డిగ్రీలు, 69 శాతం ఉన్న గాలిని దాదాపు 26.5 డిగ్రీల కిందికి చల్లబరిస్తే నీరు బయటికి దిగుతుంది. ఏసీ 18లో పెట్టగానే ముందుగా చల్లబడింది పల్చటి గాజు తలుపే, అందుకే నీళ్ళు దాని మీద దిగాయి. ఆ ధార అడుగు అరలో రెండు పెట్టెల మీదికి వెళ్ళింది. ఒక పెట్టె మూలలో బూడిదరంగు బూజు కూడా పట్టింది. వేడెక్కిన అల్మారాని ఒక్కసారిగా చల్లబరచకూడదు. గదిని రోజుకి రెండు మూడు డిగ్రీల చొప్పున దింపుకుంటూ రావాలి. తలుపు తీసి ఆ ఉక్క గాలిని ముందు బయటికి పోనిచ్చినా సగం బాధ తగ్గేది.

సరే, పురుగు దగ్గరికి వద్దాం. ఇంటాయన దగ్గర ఒక అనుమానితుడు ముందే సిద్ధంగా ఉన్నాడు. వంటింటి అరలో దొరికిన చచ్చిన పురుగుని అగ్గిపెట్టెలో దాచి, "ఇదిగోండి, ఇక్కడి నుంచే వచ్చుంటుంది" అని నా చేతిలో పెట్టారు. గోధుమ రంగు, రెండు మిల్లీమీటర్ల చిల్లర. అల్మారాలో దొరికినదాన్ని దాని పక్కన పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెడితే తేడా తెలిసింది. వంటింటి పురుగు రెక్కల పెంకు మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నటి నిలువు గీతలు, మీసం చివర మూడు కణుపులు లావుగా ఉన్నాయి. అది ఎండు సరుకులకి పట్టే వేరే పురుగు, స్టెగోబియం. అల్మారాలోదానికి పెంకు నున్నగా ఉంది, మీసం పొడవునా రంపపు పళ్ళు. పొగాకు పురుగు, లాసియోడెర్మా సెర్రికోర్నె అంటే ఇదే. కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1792లో పెట్టిన ఆ పేరులో సెర్రికోర్నె అంటేనే రంపపు మీసం. పక్కనుంచి చూస్తే తల ఛాతీ కిందికి వంగిపోయి, గూనివాడు నడుస్తున్నట్టు ఉంటుంది. వంటింటికి ఈ కేసులో సంబంధం లేదని అక్కడికక్కడే తేలింది.

పొగాకు పురుగు అనగానే మనలో చాలామందికి పొలంలో ఆకుని తినేసే లద్దె పురుగు గుర్తొస్తుంది. అది సీతాకోక జాతి, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఎండిన ఆకుకి పట్టే పెంకు పురుగు. పేరులో పొగాకు ఉన్నా మసాలా దినుసులు, ఎండు పూలు, పెంపుడు జంతువుల మేత, పాత పుస్తకాల అట్టలు, ఏవైనా తింటుంది. పొగాకు పుట్టింది అమెరికా ఖండాల్లో. ఈ పురుగు అవశేషాలు ఈజిప్టులో టుటన్‌ఖామన్ సమాధిలో దొరికాయి. అంటే పొగాకు ముఖం చూడకముందే ఇది మనుషుల సరుకు తినడం మొదలుపెట్టింది. నికోటిన్ చాలా పురుగులకి విషం. దీన్ని మాత్రం ఏమీ చేయదు. దీని పేగు పక్కన ఈస్టు లాంటి ఒక శిలీంధ్రం కాపురం ఉంటుంది. విషాలని విరగ్గొట్టడంలో, విటమిన్లు అందించడంలో అది సాయం చేస్తుంది.

అసలు నష్టం చేసేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల. ఆడపురుగు 100 దాకా గుడ్లు పెడుతుంది. ఒక్కోటి అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఆకు మడతలో పడితే కంటికి ఆనదు. వారం పది రోజుల్లో పొదిగి, లార్వా, అంటే ఆ పిల్ల, సిగార్ లోపల కూరిన ఆకుని (ఫిల్లర్) తింటూ నిలువుగా సొరంగం తవ్వుకుంటుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా పొగాకులో మామూలుగా 40 నుంచి 90 రోజులు పడుతుంది. ఆ 40కీ 90కీ మధ్య తేడా అంతా వేడిదే. 30 దాటిన వేడి, 70 దగ్గర తేమ ఉంటే దానికి పండగే. 18 దగ్గరికి దిగితే గుడ్డు పొదగదు, ఎదుగుదల ఆగిపోతుంది. ఇక్కడ ఆగడం అంటే నిద్రే, చావు కాదు. ఆయన వేసుకున్న తాళం లోపల 46 రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు లెక్క వేసుకోవచ్చు.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి పెట్టెలు ఒక్కోటీ దించాను. సిగార్‌ని నిలువుగా పట్టుకుని, వెలిగించే కొస కాగితానికి తాకేలా మెల్లిగా రెండుసార్లు తట్టాలి. ఆకు ముక్కలు రాలితే భయం లేదు. ముక్కుపొడిలాంటి మెత్తటి గోధుమరంగు పొడి రాలితే లోపల ఎవరో ఉన్నట్టే. టార్చి పక్కనుంచి వేస్తే బొక్క అంచు కనిపిస్తుంది. పురుగు కొరికిన బొక్క గుండ్రంగా, అంచు శుభ్రంగా ఉంటుంది. ఆకు చిరిగితే అంచు ఈనె వెంట పోతుంది. బొక్కలున్న సిగార్లు 31 తేలాయి, నాలుగు పెట్టెల నుంచి. ఆ నాలుగింటిలో మూడు పై అరలోవే. ఆ రోజు దానికి పెద్ద అర్థం ఉందని నాకు తట్టలేదు.

ఒక సిగార్‌ని బ్లేడుతో నిలువునా చీల్చి ఆయనకి చూపించాను. పై ఆకు అంతా బాగుంది, ఒక్క బొక్క మాత్రమే. లోపల మాత్రం మూడు సొరంగాలు, పొడితో కూరినట్టు ఉన్నాయి. ఒక దాంట్లో మీగడ రంగు లార్వా అర్ధచంద్రంలా ముడుచుకుని ఉంది. ఒళ్ళంతా సన్నటి వెంట్రుకలు, వాటికి పొడి అంటుకుని మట్టిలో దొర్లినట్టుంది. ఇంకో చివర పొడినే అతికించి కట్టుకున్న గూడు. గిల్లితే లోపల తెల్లటి ప్యూపా, లార్వా రెక్కల పురుగుగా మారే దశ. ఈలోగా పెట్టె అడుగున "చచ్చిపోయాయండీ" అని ఆయన చూపించిన నాలుగు పురుగులు నిమిషం గడిచాక లేచి నడక మొదలుపెట్టాయి. కదిపితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటించడం వీటికి అలవాటు. చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేసి ఊరుకున్నవాళ్ళని చాలామందినే చూశాను.

బొక్కలున్న 31 సిగార్లూ పారేద్దామన్నాను. పురుగుని చంపాక బొక్కకి ఆకు ముక్క అతికించి కాల్చేవాళ్ళు ఉన్నారు. నా మట్టుకు నాకు అది దండగ పని. బొక్క పూడ్చినా లోపలి సొరంగం పూడదు, ఒక పక్కే కాలుతుంది. పైగా కాల్చేది పొగాకుతోపాటు పురుగు విసర్జన కూడా. ఈ చివరి మాట విన్నాక ఆయన మళ్ళీ బతిమాలలేదు.

గడ్డకట్టించడం

ఇళ్ళలో దీనికి నమ్మకమైన మందు ఫ్రీజరే. గోదాముల్లో ఫాస్ఫీన్ వాయువు వాడతారు. అది మనుషుల్నీ చంపే విషం, శిక్షణ ఉన్నవాళ్ళు మూసిన గోదాముల్లో వాడాల్సింది. ఇంట్లో దాని ఊసే ఎత్తకూడదు. పైగా దాన్ని తట్టుకునే పురుగులు ఇప్పటికే చాలాచోట్ల తయారయ్యాయి. వేడితో చంపొచ్చుగా అని ఆయన అడిగారు. 55 డిగ్రీల పైన కొన్ని గంటలుంచితే పురుగు చస్తుంది, నిజమే. సిగార్ కూడా చస్తుంది.

పద్ధతి చెప్పడానికి తేలికే. పెట్టెలోంచి తేమ ప్యాకెట్లు తీసేయాలి. పెట్టెని జిప్ కవరులో పెట్టి గాలి నొక్కేసి, దాని మీద ఇంకో కవరు వేయాలి. ఒక రోజు ఫ్రిజ్‌లో, తర్వాత ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల్లో కనీసం 3 రోజులు, మళ్ళీ ఒక రోజు ఫ్రిజ్‌లో, ఆ తర్వాత గదిలో. గదిలోకి తెచ్చాక కవరు బయట నీటి బొట్లు పడతాయి. అవి పూర్తిగా ఆరి, పెట్టె గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. విప్పితే ఆ నీళ్ళు కవరు మీద కాకుండా సిగార్ మీదే దిగుతాయి. గడ్డకట్టిన ర్యాపర్ అప్పడంలా ఉంటుంది. ఆ సమయంలో పెట్టెని ఊపడం, కింద పడేయడం చేస్తే పగుళ్ళు ఖాయం. ఒక్కో మెట్టులో రోజు ఆగేది లోపలి ఆకూ పైఆకూ ఒకేలా చల్లబడి, ఒకేలా వేడెక్కాలనే. లోపలిది ముందు ఉబ్బితే పైది చిరుగుతుంది.

అందరూ దెబ్బతినేది ఆ "3 రోజులు" దగ్గర. ఎప్పటి నుంచి 3 రోజులు? సన్నటి తీగ ఉన్న సెన్సర్ ఒకటి మధ్య పెట్టెలో, రెండు వరుసల సిగార్ల నడుమ దూర్చి, కవరు నోటి దగ్గర టేపు చుట్టాను. మొదటి విడతలో ఐదు పెట్టెలు ఒకదానికొకటి ఆనించి పెట్టాం. ఫ్రీజర్ తెర మీద మైనస్ 20. 24 గంటల తర్వాత పెట్టె నడుమ ఎంతుందో చూస్తే మైనస్ 3. రెండు రోజులకి మైనస్ 14. మైనస్ 18 దాటడానికి దాదాపు 60 గంటలు పట్టింది. చెక్క పెట్టె, దాని లోపల కాగితం, ఆ లోపల వదులుగా చుట్టిన ఆకు, ఆకుల మధ్య గాలి. పురుగుకి రగ్గు మీద రగ్గు కప్పినట్టే. ఫ్రీజర్ తలుపు వేసిన క్షణం నుంచి 72 గంటలు లెక్కపెట్టుకుని తీసి ఉంటే నడిమి సిగార్లకి నిజంగా దక్కేది 12 గంటలే. నేను సెన్సర్ మైనస్ 18 చూపించినప్పటి నుంచి లెక్క మొదలుపెట్టి 3 రోజులు ఉంచాను. రెండో విడతలో ఆరు పెట్టెలు పెట్టినా మధ్యలో రెండేసి వేళ్ళ సందు వదిలాం. 40 గంటల్లో నడుమ మైనస్ 18 వచ్చేసింది. సందు వదలడానికి ఖర్చేమీ లేదు. సెన్సర్ లేనివాళ్ళు కొద్దికొద్దిగా పెట్టి, వారం రోజులు అలాగే వదిలేయడం మంచిది. ఎక్కువసేపు ఉంచితే సిగార్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఈలోగా ఖాళీ అల్మారా పని. సన్నటి ముక్కు పెట్టి వ్యాక్యూమ్ క్లీనర్‌తో ప్రతి అతుకూ, అర కింది గాడీ, తలుపు రబ్బరు మడతా లాగాను. ఆ సంచిని వెంటనే కట్టి బయట పడేశాం. మందు కొట్టమని ఆయన రెండుసార్లు అడిగారు. కొట్టను. చెక్క దాన్ని పీలుస్తుంది, చెక్క నుంచి పొగాకు పీలుస్తుంది, చివరికి దాన్ని ఎవరో నోట్లో పెట్టుకుని కాలుస్తారు. "స్పానిష్ సెడార్ చెక్క కదండీ, పురుగు రాదని చెప్పి అమ్మారు" అని కూడా అన్నారు. పేరుకి సెడారే గానీ అది దేవదారు జాతి కాదు, వేప కుటుంబానికి చెందిన చెట్టు, సెడ్రెలా. వాసన బాగుంటుంది, తేమని సర్దుతుంది. పురుగు మాత్రం దాన్ని లెక్కచేయదు. ఆ చెక్క పలక మీదే రెండు పురుగులు తాపీగా నడుస్తుంటే ఆయనకే చూపించాను.

నేను ఒప్పుకున్న మాట

సీలున్న మూడు పెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆయన అడ్డం తిరిగారు. "సీలు కూడా తీయలేదండీ. దాంట్లోకి పురుగెలా వస్తుంది? అవి ఏళ్ళ తరబడి దాచుకోవాలని కొన్నవి. ఫ్రీజర్‌లో పెడితే పోతాయేమో." పెట్టెలు తిప్పి చూశాను, బయట ఏ గుర్తూ లేదు. వాదించడానికి ఓపిక లేక సరే అన్నాను. నాకు తెలుసు, గుడ్డు సీలుకి ముందే ఆకుతోపాటు లోపలికి వెళ్ళి ఉండొచ్చని. కొందరు తయారీదారులు పెట్టెలు బయటికి పంపేముందు గడ్డకట్టించేది అందుకే. ఈ పెట్టెలు ఆ దారిలో వచ్చాయో లేదో మా ఇద్దరికీ తెలీదు. తెలియనప్పుడు చేయాల్సింది ఒక్కటే, అది నేను చేయించలేదు.

గది ఏసీ 20లో పెట్టి, అల్మారా అడుగు అరలో వేడిని వరసగా నమోదు చేసే నా డేటా లాగర్ పెట్టి, మూడు చోట్ల ఫెరమోన్ ట్రాపులు ఉంచి వచ్చాను. ఒకటి అల్మారా లోపల పై అరలో, ఒకటి గదిలో, ఒకటి బయట నడవాలో. జిగురు అట్ట మధ్యలో సెరికార్నిన్ బిళ్ళ ఉంటుంది. ఆడపురుగు వదిలే వాసన అది, కాబట్టి పడేది మగవే. ట్రాపు పెట్టాం కదా పురుగు పోతుంది అనుకోవద్దు. అది లెక్క చెప్పే గుమాస్తా మాత్రమే.

నాలుగు వారాలు సున్నా. ఐదో వారం ఆయన ఫోటో పంపారు, లోపలి ట్రాపులో రెండు. ఆరో వారం ఇంకో నాలుగు. గదిలో, నడవాలో ఏమీ లేదు. అంటే బయటి నుంచి వచ్చింది కాదు, అల్మారాలోనే పుట్టింది.

వెళ్ళి సీలు పెట్టెలు కిందికి దించాను. రెండోదాన్ని కిటికీ వెలుతురుకి తిప్పితే కనిపించింది. సీలు కాగితం అంచున, సరిగ్గా మూత అతుకు మీద, ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రటి బొక్క. కొరికిన కాగితం పొడి ఇంకా అంచుకి అంటుకునే ఉంది. లోపలి నుంచి బయటికి కొరుక్కుంటూ వచ్చిన గుర్తు అది. సీలు తీయలేదని ఆయన చెప్పింది నిజమే, పురుగు తీసుకుంది. తెరిస్తే 25లో 7 సిగార్లకి బొక్కలు.

కానీ 20 డిగ్రీల గదిలో అవి ఇంత త్వరగా ఎదిగి బయటికెలా వచ్చాయి? నా లాగర్ ఆరు వారాల లెక్క తీస్తే ఒక్కరోజు కూడా 20.5 దాటలేదు. అప్పుడు దాన్ని తీసి పై అరలో పెట్టి, గంట ఆగి చూశాం. 25.8. ఎల్ఈడీ దీపాలకి కరెంటు ఇచ్చే చిన్న డబ్బా పై అర వెనకాలే బిగించి ఉంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. దానికి తోడు అల్మారా వీపు సాయంత్రపు ఎండ కాసే గోడకి ఆనించి ఉంది. సీలు పెట్టెలు మూడూ ఉన్నది ఆ పై అరలోనే. మొదటి రోజు బొక్కలున్న నాలుగు పెట్టెల్లో మూడు పై అరవే అని రాసుకున్న నేను, సెన్సర్ తీసుకెళ్ళి అడుగు అరలో పెట్టాను. వేడి గాలి పైకి పోతుందని చిన్నపిల్లలకీ తెలుసు. ఆయన బటన్ నొక్కలేదని లోపల్లోపల నవ్వుకున్నవాణ్ణి, ఆ పూట ఆయన ముఖం చూడలేకపోయాను.

మిగిలిన సిగార్లతో సహా మూడు పెట్టెలూ ఫ్రీజర్‌లోకి వెళ్ళాయి. ఈసారి ఎవరూ మాట్లాడలేదు. అల్మారా మళ్ళీ ఖాళీ చేసి వ్యాక్యూమ్ పట్టాం. దీపాల డబ్బా ఊడదీసి బయట బిగించాం. అల్మారాని ఎండ గోడ దగ్గర్నుంచి లోపలి గోడకి మార్చి, వెనక జానెడు సందు వదిలాం. లోపల అరచేతంత ఫ్యాను ఒకటి, గంటకి కొన్ని నిమిషాలు మాత్రమే తిరిగేలా. ఇప్పుడు పైనా కిందా రెండు సెన్సర్లు, తేడా ఒక డిగ్రీ లోపే.

ఇంకా పక్కాగా ఉండాలని తర్వాత ఆయన చల్లదనం ఉన్న క్యాబినెట్ కొనాలనుకున్నారు. రెండు రకాలుంటాయి. పెల్టియర్ రకానికి (కంప్రెసర్ లేకుండా, కరెంటు ఇస్తే ఒక పక్క చల్లబడే పలకతో పనిచేసేది) చప్పుడు తక్కువ, కానీ గది వేడి కంటే ఒక హద్దు దాకానే చల్లబరుస్తుంది. గదే 38 ఉంటే అది చేతులెత్తేస్తుంది. కంప్రెసర్ రకం ఎంత ఎండలోనైనా దింపుతుంది, కానీ తేమని లాగేస్తుంది. కారణం మనం గాజు తలుపు మీద చూసిందే. 18 డిగ్రీలు, 65 శాతం గాలికి మంచు బిందువు, అంటే నీరు బయటికి దిగడం మొదలయ్యే వేడి, 11 డిగ్రీల పైచిలుకు. కంప్రెసర్ పలక అంతకంటే చల్లగా ఉంటుంది కాబట్టి నీరు దాని మీద దిగి కిందికి కారిపోతుంది. మీరు వేసే ప్యాకెట్లు తేమ వదలడం, అది తాగడం, ఇలా నడుస్తూనే ఉంటుంది. ఎండలు గట్టిగా ఉండే చోట నేను కంప్రెసర్ వైపే మొగ్గుతాను. ప్యాకెట్లు రెట్టింపు పెట్టుకుని నెలకోసారి చూసుకుంటే సరిపోతుంది. పొడిబారిన సిగార్‌ని నెమ్మదిగా తేరుకునేలా చేయొచ్చు, పురుగు తిన్నదాన్ని ఏమీ చేయలేం. ఆయన కూడా అదే తీసుకున్నారు. 18 డిగ్రీలు, 65 శాతం. 21 డిగ్రీలు, 70 శాతం అనే పాత లెక్క చాలామంది నోట వింటాం. నా అనుభవంలో అది హద్దుకి మరీ దగ్గర, ఒక పూట కరెంటు పోతే దాటేస్తుంది.

తేమ మీటరు నిజం చెబుతోందో లేదో కూడా అదే రోజు చూశాం. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీళ్ళు కలిపి, మీటరుతో కలిపి జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేస్తే 75 చూపించాలి. ఆయనది 77 చూపించింది. రెండు తగ్గించుకోమని దాని వెనక చీటీ అంటించాను.

మొత్తం నష్టం: మొదట 31, సీలు పెట్టెలో 7, బూజు పట్టినవి 2. ఇది లెక్కకి అందిన నష్టం. మూడు నెలల తర్వాత ఆయన పై అరలోని, బొక్క లేని పెట్టె ఒకటి తెరిచారు. చూడటానికి బాగున్నాయి. వెలిగిస్తే పుల్లగా, ముక్కుకి కొట్టే అమ్మోనియా వాసన. ఆ వేడికి ఆకు మళ్ళీ మాగడం మొదలుపెట్టి ఉండాలి. ఒక సంవత్సరం ఆగి చూడమన్నాను. అది ఆయన మనసు కుదుటపడడానికి చెప్పిన మాటే ఎక్కువ. పురుగుని ఫ్రీజర్ చంపుతుంది గానీ, 46 రోజుల ఉడుకు ఆ ఆకులోంచి తీసేసే యంత్రం నాకు తెలీదు.

ట్రాపులు 16 వారాలుగా సున్నా. బిళ్ళలు గడువు ప్రకారం మారుస్తున్నారు. కొత్తగా ఏ పెట్టె కొన్నా, సీలుతో ఉన్నా సరే, ముందు ఫ్రీజర్‌కి వెళ్ళాకే క్యాబినెట్‌లోకి వస్తోంది. పోయిన నెల అటువైపు వెళ్ళినప్పుడు లోపలికి పిలిచి, నేనడగకుండానే మీటరు తిప్పి వెనక బటన్ నొక్కి చూపించారు. గరిష్ఠం 19.1. బయటి ట్రాపులో ఒక చీమ ఉంది.